సేవయా? ఉద్యోగమా?

ప్రభుత్వమువారి కాగితములలో నొక మాట గలదు. ఆ మాటచేత ఈ దేశమున సుమారు పది లక్షల స్త్రీల కష్టమునకు జీతమను పేరు లేకపోయినది. ఆ మాట ‘స్వచ్ఛంద సేవిక’. పల్లెపల్లెను జనులు ఆశా కార్యకర్త యని పిలుచుచున్న స్త్రీనిగూర్చి నేడు మేము వ్రాయుచున్నాము. ఆమెపై దయ చూపుడని మేమడుగుట లేదు. ఆమెకు రావలసినది ఇండని యడుగుచున్నాము.

1946లో భోర్ సంఘమువారు తమ నివేదికయందు, ఈ దేశమున 6,300 మందికొక వైద్యుడును, 43,000 మందికొక నర్సును, 60,000 మందికొక శిక్షితురాలగు మంత్రసానియు నున్నట్లు లెక్క చూపిరి. అటుపిమ్మట కళాశాలలు పెరిగినవి, వైద్యులును పెరిగిరి. కాని పెరిగినవారిలో పెక్కురు పట్టణములనే యాశ్రయించిరి. పల్లెటూరి గడపకును ఆసుపత్రి గడపకును నడుమనున్న దూరమును చేయిపట్టి దాటించు మనిషి లేకపోయెను. ఆ కొరత తీర్చుటకై 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ క్రింద, వేయిమంది జనాభాకు ఒకరి చొప్పున, ఆ యూరి స్త్రీనే యెన్నుకొని నియమించుట కారంభించిరి. ఆలోచన మంచిదే. కాని నాటి మార్గదర్శక సూత్రములలో ఆమె గౌరవ సేవిక యనియు, ఆమెకు జీతము లేదనియు, చేసిన పనినిబట్టి ప్రోత్సాహకము మాత్రమే ముట్టుననియు వ్రాసిరి. ఆమె జీవనోపాధికి భంగము గలుగకుండ పని కుదుర్తుమనిరి. దినమునకు రెండు మూడు గంటలు, వారమునకు నాలుగు దినములు చాలుననిరి.

ఆ రెండు మూడు గంటలు నేడేమైనవో యే యూరనైనను విచారింపవచ్చును. గర్భిణి పేరు నమోదు చేయించుట, కాన్పునకు ఆసుపత్రికి తోడు పోవుట, బాలింత యింటికి మూడవనాడు మొదలు నలువది రెండవనాటివరకు ఆరుమార్లు పోయి బిడ్డను చూచుట, టీకాలకు పిల్లలను పోగుచేయుట, క్షయరోగిచేత మందు మ్రింగించుట, జ్వరముల లెక్క, రక్తపుపోటు లెక్క, చక్కెరవ్యాధి లెక్క: ఇవన్నియు నామె పనులే. వీనినన్నిటిని పుస్తకములలో వ్రాసి, మరల ఫోనులో నెక్కించుట వేరొక పని. అర్ధరాత్రమున నొప్పులు వచ్చినచో ఇంటివారు ముందుగా తట్టునది ఆమె తలుపే. 2020లో కరోనా ప్రబలి జనులెల్లరు తలుపులు బిగించుకొన్న దినములలో ఇల్లిల్లు తిరిగి జ్వరపీడితుల నడిగి వ్రాసికొన్నదియు ఆమెయే.

ఫలితమును చూడుడు. 2005–06 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో నూటికి 39 కాన్పులు ఆసుపత్రులలో జరిగినట్లు తేలగా, 2019–21 నాటి సర్వేలో 89 జరిగినట్లు తేలినది. ఇదంతయు ఆశా కార్యకర్తల వలననే యని మేమనము. బాటలు, 108 వాహనములు, ప్రోత్సాహక ధనము, అన్నియు తోడ్పడినవి. ఐనను భయపడు కోడలిని, ఒప్పుకొనని యత్తను ఒప్పించి వాహన మెక్కించినది మనుష్యమాత్రురాలే గాని వాహనము గాదు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ఆశా కార్యకర్తలకు గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు నిచ్చి సత్కరించిరి. బిరుదు వచ్చినది, జీతము రాలేదు.

స్వచ్ఛంద సేవ యననేమో మాకు దెలియును. మేమును సభలకు చాపలు పరచి, వరదలలో బియ్యపు బస్తాలు మోసినవారమే. 1921లో అఖిల భారత కాంగ్రెసు సంఘము బెజవాడలో కూడినప్పుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి రామదండు చేసిన సేవను పెద్దలు చెప్పగా విన్నవారమే. స్వచ్ఛంద సేవకుడు తన యిష్టమున వచ్చును, తన యిష్టమున పోవును. వానికి హాజరుపట్టీ లేదు, ఇన్నింటిని చేసి తీరవలెనను లెక్క లేదు, రాలేదేమని సంజాయిషీ యడుగు నధికారి లేడు. ఆశా కార్యకర్తకో, ఇవన్నియు గలవు. లేనిది జీతమొక్కటే.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు 2019లో ఈమె గౌరవ వేతనమును నెలకు 10,000 రూపాయలకు పెంచిరి. 2025 మార్చిలో గ్రాట్యుటీయు, మొదటి రెండు కాన్పులకు 180 దినముల వేతనముతోడి సెలవును ప్రకటించి, విరమణ వయస్సును 60నుండి 62 ఏండ్లకు పెంచిరి. ఇది మెచ్చదగిన పనియే. కాని విరమణ వయస్సుగల స్వచ్ఛంద సేవికను మేమెచ్చటను విని యుండలేదు. సెలవును, గ్రాట్యుటీయు, విరమణయు గల పనిని లోకమున ఉద్యోగమందురు. చేతలలో నొప్పుకొన్న దానిని మాటలో నొప్పుకొనుటకు సంకోచ మేల?

న్యాయశాస్త్రమును కొంత చూతము. 2006లో సుప్రీంకోర్టువారు కర్ణాటకలోని అంగన్‌వాడీ కార్యకర్తల వ్యాజ్యమున, వారిది ప్రభుత్వ పదవి కాదని తీర్పు చెప్పిరి. అధికారులు తరచు దీనినే చూపుదురు. కాని ప్రభుత్వ పదవి వేరు. పనిచేయువారి హక్కు వేరు. 2022లో అదే న్యాయస్థానము అంగన్‌వాడీ కార్యకర్తలకును సహాయకులకును 1972 నాటి చట్టము క్రింద గ్రాట్యుటీ చెల్లునని చెప్పి, గౌరవ వేతనమను పేరున ఇచ్చునదియు వేతనమేయని తేల్చినది. అంతకు పూర్వము, 1982లో, ఏషియాడ్ నిర్మాణ కూలీల వ్యాజ్యమున, కనీస వేతనమునకు తక్కువగా పని చేయించుకొనుట రాజ్యాంగములోని 23వ అధికరణము నిషేధించిన వెట్టిచాకిరియే యని తీర్పు వచ్చినది. ఇట్టి పథకములలో పనిచేయువారిని కార్మికులుగా గుర్తించి కనీస వేతనమును సాంఘిక భద్రతయు కల్పింపవలెనని 2013లో భారత కార్మిక సదస్సే సిఫారసు చేసినది. దారి కనబడుచునే యున్నది. నడచుటకు మనస్సు లేదు.

జీతమిచ్చినచో సేవాభావము నశించుననువారు కలరు. న్యాయమూర్తికి జీతము గలదు. సైనికునకు జీతము గలదు. వైద్యునకు జీతము గలదు. మా న్యాయవాదులమును ఫీజు పుచ్చుకొనుచునే న్యాయసేవ చేయుచున్నామని చెప్పుకొనుచున్నాము. స్త్రీ చేయు సేవకు వెల కట్టుట మాత్రమే దోషమైనదా? ఇంటిలో తల్లియు, వదినెయు చేయు చాకిరికి కూలి లేదుగదా, ఊరిలో చేయుదానికి మాత్రమేల యను పాత యలవాటే దీనికి మూలము.

బొక్కసమున ధనము లేదనువారును కలరు. వ్యయము పెరుగుననుట సత్యమే. కాని ఆ వ్యయము నేడును జరుగుచునే యున్నది. ఆమె మానుకొన్న కూలిపని రూపమున, ఆటోకు చెల్లించిన చార్జీల రూపమున ఆమె కుటుంబమువారు దానిని మోయుచున్నారు. బీదయింటి ధనముతో ప్రభుత్వము పొదుపు చేయుట ధర్మము గాదు. తెలంగాణములో 18,000 రూపాయల స్థిరవేతనము కోరుచు వీరు పలుమార్లు వీథుల కెక్కిరి. 2025లో కేరళ సచివాలయము నెదుట నెలల తరబడి కూర్చుండిరి. రోగి యింటికి పోవలసిన కాళ్లు రాజధాని వీథులలో తిరుగుట ఎవరికిని మేలు గాదు.

కావున మేము కోరునవి మూడు. ఆశా కార్యకర్తను చట్టమునందు కార్మికురాలిగా గుర్తింపవలయును. కనీస వేతనమునకు తగ్గని స్థిరమైన నెలజీతమిచ్చి, ప్రోత్సాహకమును దానిపై నదనముగా నీయవలయును. అర్హతయు నాసక్తియు గలవారికి నర్సు శిక్షణలో స్థానము కల్పించి, ఆమె యెదుగుదలకు దారి తీయవలయును.

పాఠకులకును ఒక మాట. మన గ్రామసభలలో ఈ విషయము చర్చకు వచ్చుట యరుదు. మీ పంచాయతీ తరువాతి సభలో ఈ మూడు కోరికలపై తీర్మానము చేసి శాసనసభ్యునకు బంపుడు. ఊరిలోని ప్రతి శిశువు బరువును వ్రాసికొన్న యామె కష్టమును ఒక్క తీర్మానములోనైనను ఊరివారు వ్రాయుట న్యాయము.