థిన్ క్లయింట్, పాత టెర్మినల్: ఎంత చుట్టరికం?

థిన్ క్లయింట్‌ను చూపిస్తే, టెర్మినళ్ల మీద ఏళ్లకేళ్లు పనిచేసినవాళ్లు ‘ఇది మన డంబ్ టెర్మినలే కదా’ అంటారు. ఆ మాటను కొట్టిపారేయలేం. రెండింటిలోనూ పని జరిగేది, ఫైళ్లు ఉండేది ఎక్కడో ఉన్న సర్వర్‌లోనే. బల్ల మీది పెట్టె పాడైతే ఇంకొకటి తగిలించి పని సాగించవచ్చు. అయినా తీగ మీద ఏం వస్తోందో గమనిస్తే, చుట్టరికం అనుకున్నంత దగ్గరిది కాదనిపిస్తుంది.

డెక్ కంపెనీ 1978లో తెచ్చిన వీటీ100 తెర మీద 24 వరుసలు, వరుసకు 80 అక్షరాలు. తీగ మీద వచ్చేవి అక్షరాల సంకేతాలే. సెకనుకు 9600 బిట్ల లైనులో తెర పూర్తిగా నిండడానికి రెండు సెకన్లు పట్టేది. ఇప్పుడది నత్తనడకే. కానీ మీట నొక్కితే వెళ్లేది ఒక్క అక్షరమే కాబట్టి సాదా లైను సరిపోయేది. తెరల వరుస కంఠతా వచ్చిన కౌంటరు గుమాస్తా తలెత్తకుండా వివరాలు కొట్టుకుపోయేవాడు. మౌస్‌తో ఆ వేగం రావడం కష్టం.

అయితే ఆ పొదుపుకు చెల్లించిన మూల్యమూ ఉంది. టెర్మినల్ తనలో ఉన్న అక్షరాలనే చూపగలదు, అవి రోమన్ లిపివి. తెలుగు కనబడాలంటే సీ-డాక్ వారి జిస్ట్ టెర్మినల్ లాంటి ప్రత్యేక పరికరం కావాల్సి వచ్చింది. ఒత్తులూ గుణింతాలూ ఎలా కూర్చాలో ఆ పెట్టెకే తెలియాలి మరి. థిన్ క్లయింట్‌కు ఆ ఇబ్బంది లేదు. సర్వర్‌లో ఫాంటు ఉంటే చాలు, తెలుగు బొమ్మగా వచ్చేస్తుంది. నా దృష్టిలో ఇది చిన్న లాభం కాదు.

కాకపోతే బొమ్మలు బరువు. 1024×768 తెరను పూర్తి రంగుల్లో, కుదించకుండా పంపితే రెండు మెగాబైట్లు దాటుతుంది. అందుకే ఆర్‌డీపీ వంటి ప్రోటోకాల్స్ మారిన భాగాన్నే కుదించి పంపుతాయి. ఉత్తరాలకూ లెక్కలకూ అది చాలు, వీడియో దగ్గర తడబడవచ్చు. పైగా కుదించినదాన్ని విప్పేందుకు ఈ పెట్టెలో చాలావరకు చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. అది ఉన్నాక అప్‌డేట్లూ భద్రతా లోపాలూ తప్పవు. పాత టెర్మినల్‌లో వైరస్ దాగే చోటే లేదు.

1990ల నడుమ ఒరాకిల్ అధిపతి లారీ ఎలిసన్ ఇదే కోవకు చెందిన 500 డాలర్ల నెట్‌వర్క్ కంప్యూటర్ రావాలన్నారు. 1996లో సన్ కంపెనీ జావాస్టేషన్ తెచ్చింది. పీసీల ధరలు దిగిరావడంతో ఆ ఊపు చల్లారింది. కాబట్టి థిన్ క్లయింట్ చౌక అన్న వాదన గట్టిది కాదు. నిర్వహణ సులువన్న వాదన నిలుస్తుంది: వంద సీట్లకు కావలసిన మార్పు ఒక్కచోట చేస్తే చాలు. కానీ ఆ ఒక్కచోటు ఆగితే వంద సీట్లూ ఆగుతాయి. తనకు కావలసిన ప్రోగ్రాం వేసుకునే వీలు ఉద్యోగికి ఉండదు. దాన్ని నిర్వాహకుడు క్రమశిక్షణ అన్నా, ఉద్యోగి సంకెల అన్నా ఇద్దరినీ తప్పుపట్టలేం.

రోజంతా ఒకే రకం పని జరిగే కౌంటర్లకు థిన్ క్లయింట్ తగినదే అనుకుంటాను. పాత టెర్మినల్ ప్రోగ్రాం ఇంకా చక్కగా నడుస్తుంటే దాన్ని తిరగరాయనక్కర్లేదు, టెర్మినల్‌ను అనుకరించే ఎమ్యులేటర్ ద్వారా కొత్త తెర మీదే నడిపించవచ్చు. డిజైన్ పనికి, లైను నిలకడ లేని ఊళ్లకు పీసీయే నయం. రెండో సర్వర్‌కూ రెండో లైనుకూ డబ్బు కేటాయించలేని కార్యాలయం మాత్రం, పెట్టె ఎంత చౌకగా దొరికినా, ప్రస్తుతానికి ఆగడమే మంచిది.