మంచం దిగి నడుద్దాం



మన సంఘంలో ఒక పెద్దమ్మ మూడు ఆదివారాలు ఆరాధనకు రాలేదు. పరామర్శకు వెళితే, "నడుము నొప్పి అయ్యగారూ, పిల్లలు మంచం దిగొద్దంటున్నారు" అని కన్నీళ్లు పెట్టుకున్నది. ఏళ్ల తరబడి నాట్లు వేసిన చేతులవి. నొప్పి కన్నా "ఇక నేనెందుకూ పనికిరాను" అనే దిగులే ఆమెను ఎక్కువ బాధపెడుతోంది.

పిల్లలది ప్రేమే. అయినా ఆ ప్రేమ ఆమెను మంచానికి కట్టేస్తోందని మేము అనుకుంటున్నాం. నిరుడు నీళ్ల డ్రమ్ము జరుపుతుంటే మాకూ నడుము పట్టేసింది. పది రోజులు పడుకున్నాం. నొప్పి అలాగే ఉంది, కాళ్లలో సత్తువ మాత్రం పోయింది. ఫిజియోథెరపిస్టు నడవమంటే మొదట భయమేసింది. చర్చి గేటు దాకా, తర్వాత చెరువుగట్టు దాకా నడిచాకే తేరుకున్నాం.

నడుము నొప్పుల్లో ఎక్కువ వాటి వెనుక ప్రమాదకరమైన జబ్బు ఉండదు. కదలకపోతేనే కండరాలు బలహీనపడతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో దీర్ఘకాలపు నడుము నొప్పికి వ్యాయామాన్ని సూచించింది. నడుము బెల్టులను మామూలుగా వాడొద్దన్నది. ఆస్ట్రేలియాలో నొప్పి తగ్గిన 701 మందిపై జరిపిన పరిశోధన 2024లో వెలువడింది. అందులో నడక అలవాటు చేసుకున్నవారికి దాదాపు రెట్టింపు కాలం నొప్పి తిరగబెట్టలేదు.

అయితే కాళ్లు బలహీనపడినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మల మూత్రాలపై పట్టు తప్పినా, జ్వరం వచ్చినా, పడిపోయాక నొప్పి మొదలైనా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లండి. ప్రార్థన చేస్తున్నాం కదా అని ఆగవద్దు.

ఏలీయా బదరీవృక్షం కింద చావు కోరుకుని పడుకున్నప్పుడు దేవుడు అతణ్ని నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్లు ఇచ్చాడు. ఆ తర్వాత లేపి హోరేబు దాకా నడిపించాడు. విశ్రాంతి ప్రయాణానికి బలమిచ్చింది గాని, ప్రయాణాన్ని ఆపలేదు.

మా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. చాప మీద కూర్చోలేక కుర్చీ అడిగినవారిని భక్తి తగ్గినవారిలా చూశాం. వచ్చే ఆదివారం నుంచి ముందు వరుసలోనే కుర్చీలు వేస్తాం. మోకరించలేనివారు కూర్చునే ప్రార్థించండి, నడుము లాగితే మధ్యలో లేచి నిలబడండి. యౌవనస్థులారా, పెద్దవాళ్లను బండెక్కించి తేవడం మంచిదే. నడవగలిగినవారితో మాత్రం కలిసి నడిచి రండి.

పెద్దమ్మా, మీ కుర్చీ సిద్ధంగా ఉంటుంది. మెల్లగా రండి, మేము ఎదురొస్తాం.

ప్రభువు మీ అడుగులను బలపరచును గాక. ఆమేన్.