రచ్చబండ నెక్కవలసిన విశ్వాసము

క్రీస్తునకు పూర్వము ఎనిమిదవ శతాబ్దమున, ఉత్తర ఇశ్రాయేలును రెండవ యరొబాము ఏలుచున్న దినములలో, యూదాదేశపు తెకోవ గ్రామమున పసులను కాచుకొనుచు, మేడిపండ్లు ఏరుకొని బ్రదుకుచుండిన ఆమోసు అను కాపరి బేతేలు దేవళమునకు వచ్చి చేసిన ప్రసంగమును చదివినవారికి మొదట తోచు విశేషమేమనగా, దేవునిపేర మాటలాడవచ్చిన ఆ మనుష్యుడు అంగడిలోని దొంగత్రాసును గూర్చియు, తాకట్టునబడిన బీదవాని వస్త్రమును గూర్చియు, ఊరి గుమ్మమునొద్ద లంచము పుచ్చుకొని తారుమారు చేసిన తీర్పులను గూర్చియు అంత వివరముగా మాటలాడుట. అది కరవుకాలము కాదు. రాజ్యము సంపన్నమై, పండుగలు ఘనముగను, బలులు సమృద్ధిగను సాగుచుండిన కాలము. ఆ పట్టణములలో పెద్దలు కూర్చుండి తగవులు తీర్చు తావు ఊరి గుమ్మమే. రూతు పక్షమున బోయజు తన వ్యవహారమును పరిష్కరించుకొన్నదియు అచ్చటనే. మన పల్లెలలో ఆ పని రచ్చబండ మీద జరిగెడిది. దేవళములోని కీర్తనలెంత శ్రావ్యముగా నున్నను, గుమ్మమునొద్ద బీదవానికి న్యాయము దొరకనినాడు ఆ కీర్తనలను దేవుడు ఆలకింపడని ఆమోసు నిర్భయముగా చెప్పెను.

ఆయనను అడ్డగించినవాడు రాజు కాదు, బేతేలు యాజకుడైన అమజ్యా. ఇది రాజుగారి పరిశుద్ధస్థలము, ఇచ్చట నీవిట్లు పలుకరాదు, నీ దేశమునకు పోయి పొట్టపోసికొనుమని ఆ యాజకుడు ఆజ్ఞాపించెను. "రాజకీయములు మనకెందుకు, ప్రార్థన చేసికొందము" అని నేడు మన సంఘములలో పెద్దలు పలుకగా వినినప్పుడెల్ల నాకు అమజ్యాయే జ్ఞప్తికి వచ్చుచున్నాడు. ప్రార్థనను నేను తక్కువచేయుట లేదు. ప్రార్థనను అడ్డుపెట్టుకొని రచ్చబండకు దూరముగా తొలగిపోవుట ప్రవక్తల మార్గము కాదని మాత్రమే నా మనవి. అబద్ధసాక్ష్యముతో నాబోతు చంపబడగా వాని ద్రాక్షతోటను స్వాధీనము చేసికొనబోయిన అహాబు రాజును ఏలీయా ఆ తోటలోనే నిలువరించి దోషము నెత్తిచూపెను.

తెలుగునేల మీద ఈ మార్గము మునుపెన్నడును ఎవరును త్రొక్కనిది కాదు. ఒంగోలు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ తొలుత సర్వేయరు పని నేర్చినవాడు. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును దహించిన ధాత కరవులో ఆయన బకింగుహాం కాలువ త్రవ్వకమున మూడు మైళ్లకు పైబడిన భాగమును తానే కంట్రాక్టు పుచ్చుకొని ఆకలిగొన్నవారికి పని కల్పించెను. ఆ దినములలో బాప్తిస్మము కోరివచ్చినవారిని, గంజికోసము మతము పుచ్చుకొనిరను నింద వారిపై పడకుండునట్లు, చాలకాలము ఆపియుంచెను. పిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతిని మన సంఘచరిత్రలు ఉత్సాహముతో వ్రాయుచున్నవి. నా దృష్టిలో ఆ సంఖ్యకంటె, దానికి ముందు ఆ కాలువగట్టున చెల్లిన కూలిడబ్బులు గొప్పవి. కూలివాని జీతమును ప్రొద్దుగ్రుంకక మునుపే చెల్లింపవలెనని ద్వితీయోపదేశకాండము విధించినది దయాదాక్షిణ్యములకు సంబంధించిన మాట కాదు. అది వాని హక్కు.

ఇక 1985 జూలై 17వ తేదీని తలచుకొందము. మాదిగవారు త్రాగు చెరువునీటిని మైలపరచవలదని ఒక స్త్రీ అడ్డుచెప్పుట కారణముగా కారంచేడులో ఆరుగురు హతులైరి. మిగిలినవారు కట్టుబట్టలతో చీరాలకు పారిపోయి శిబిరములలో తలదాచుకొనిరి. వారిలో క్రైస్తవులు అనేకులు. ఆనాడు ముందుండి పోరాడినది, ఆ పోరాటమునుండియే పుట్టిన దళిత మహాసభ. సర్వోన్నత న్యాయస్థానపు తీర్పు వెలువడుసరికి 2008వ సంవత్సరము వచ్చెను. ఇరువదిమూడేండ్లు! ఇట్టి వ్యాజ్యములలో సాక్షి యొక్క జీవితమెట్టిదో ఎరుగుదుమా? వాయిదా వాయిదాకు ఆనాటి కూలి పోగొట్టుకొని, బస్సుచార్జీకి అప్పుచేసి, కోర్టు వరండాలో ప్రతివాదుల బంధువుల చూపుల నడుమ ప్రొద్దుగుంకువరకు నిలుచుండి, పిలుపు రాకయే ఇంటికి మరలి, ఆ రాత్రి రాజీకి రమ్మని వచ్చిన మధ్యవర్తికి మరల లేదని చెప్పవలెను. ఆ వరండాలో వాని ప్రక్కన నిలుచుండుటయే నేటి గుమ్మము పని. స్వస్థత కూటములకు పందిళ్లు వేయగల సంఘములకు ఇది మోయరాని భారము కాదు.

సంఘములు ప్రభుత్వమును అడుగుటయే లేదని కాదు. శ్మశానస్థలములకును, పాస్టర్ల గౌరవవేతనమునకును, యెరూషలేము యాత్రాసహాయమునకును వినతిపత్రములు పోవుచునే యున్నవి. వీటన్నిటికంటె బరువైన కోరిక మరియొకటి కలదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకు పరిమితము చేయగా, 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును అది వర్తించెను. దళిత క్రైస్తవుడు మాత్రము నేటికిని బయటనే యున్నాడు. మతము మారినంతమాత్రమున ఊరిలో వాని యిల్లు పేటనుండి కదలలేదు గనుక ఈ కోరిక న్యాయమైనదని నా దృఢవిశ్వాసము. అయితే మాలపల్లె చర్చి వేరు, మాదిగపల్లె చర్చి వేరుగా నుండి, ఒకే బల్లయొద్ద రొట్టె విరిచినవారు పెండ్లిమాట వచ్చినతోడనే శాఖను విచారించుచున్నంతకాలము, ఢిల్లీలో మనము పలుకు మాటకు మన ఊరిలోనే బలము చాలదు. అట్లే, సంఘముల పాఠశాలలలోను ఆసుపత్రులలోను ఊడ్చువారికి, ఆయాలకు నెల తిరిగిన వెంటనే జీతము ముట్టుచున్నదా యను ప్రశ్నను పాలకవర్గముల సమావేశములలో వేయువారు మిక్కిలి తక్కువ.

క్రైస్తవ ఉద్యోగులకు ప్రత్యేకముగా ఒక మాట. పట్టాదారు పాసుపుస్తకము కొరకు వచ్చిన రైతు కాగితమును సొరుగులో నిలిపి, మామూలు పుచ్చుకొని, ఆ మొత్తములో దశమభాగమును ఆదివారము కానుకపెట్టెలో వేసినవాడు దేవునికి ఏమియు ఇచ్చినట్లు కాదు. పుదీనాలోను జీలకఱ్ఱలోను పదియవవంతు లెక్కగట్టి, న్యాయమును విడిచిపెట్టిన శాస్త్రులను యేసు ఎంత తీవ్రముగా గద్దించెనో సువార్తలు చెప్పుచున్నవి. యెరికోలో పన్నులు వసూలుచేసిన జక్కయ్య రక్షణానందమును గీతములతో తెలుపలేదు. అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు మరల చెల్లింతునని నలుగురి యెదుట మాట యిచ్చెను.

కావున సంఘపెద్దలారా, ఈ ఆదివారము ఆరాధన ముగిసిన పిదప మీ సంస్థల జీతముల పుస్తకమును సభ్యుల యెదుట తెరవుడు. మీ మండలములో షెడ్యూల్డు కులముల, తెగలపై అత్యాచారముల నిరోధక చట్టము క్రింద నడచుచున్న వ్యాజ్యములకు వాయిదా ఏనాడో కనుగొనుడు. ఆనాడు సాక్షితో కూడ కోర్టునకు నడువుడు. ఆ సాక్షి ఏ మతమువాడో అడుగవలదు.