ఇంటి సంగతులు: పగడాల తొట్టెకు ఎంత వెలుతురు?

ఈ నెల ప్రశ్న మాస్తి నుండి వచ్చింది. బెంగుళూరులో ఎవరింట్లోనో పగడాల తొట్టె చూసివచ్చిన అబ్బాయి, మనకూ అటువంటిది కావాలని పట్టుబట్టాడట. మూడడుగుల గాజుతొట్టె ఇంటికి చేరింది. ఇక దీపం కొనాలి. "ఎన్ని వాట్లది కొనమంటారు?" అని ఆ తల్లి అడుగుతున్నారు.

అమ్మా, వాట్ల మాట తర్వాత. తొట్టెలో ఏ ప్రాణి ఉండబోతున్నదో తేలకుండా దీపం కొనడం, చేయి చూడకుండా గాజులు కొనడం వంటిది. చేపకు వెలుతురు తిరగడానికి చాలు. పగడానికి వెలుతురే తిండి. పగడం చూపుకు రాయిలాగో చెట్టులాగో ఉన్నా, అది జంతువే. దాని ఒంట్లో కంటికి కనబడనంత చిన్న పాచికణాలు కాపురముంటాయి. అవి వెలుతురుతో చక్కెర తయారుచేసి, అందులో పెద్దభాగం పగడానికే ఇస్తాయి. అద్దెకున్నవారే వండి ఇంటివారికి పెట్టినట్లన్నమాట! వెలుతురు చాలకపోతే ఆ ఇంట పొయ్యి వెలగదు.

వాటు అన్నది దీపం తినే కరెంటుకు లెక్క, ఇచ్చే వెలుతురుకు కాదు. పెట్టెమీద వేసే ల్యూమెను మనిషి కంటికోసం ఏర్పడ్డ కొలత. మన కంటికి పసుపు, పచ్చ బాగా ఆనుతాయి. సముద్రంలో పది మీటర్లు దిగేసరికి ఎరుపు దాదాపు మాయమవుతుంది, నీలం మాత్రం లోతుకు పోతుంది. అందుచేత పగడంలోని పాచి 450 నానోమీటర్ల దరిదాపు నీలానికి అలవాటుపడింది. మనకు మసకగా కనబడే నీలిదీపం దానికి విందు, మనకు ధగధగలాడే తెల్లదీపం ఒక్కొక్కప్పుడు పస్తు. సెల్‌ఫోనుతో కొలిచే లక్సు కూడా ఈ నీలం దగ్గర మోసపోతుంది.

దీనికి తగిన కొలత "పార్". మిట్టమధ్యాహ్నపు ఎండలో అది సుమారు 2000 ఉంటుంది. పుట్టగొడుగు పగడాలు, తోలు పగడాలు వంటి మెత్తని జాతులకు 50 నుండి 100 సరిపోతుంది. పెద్దనోటి రాతిపగడాలకు 75 నుండి 150. కొమ్మలుగా పెరిగే రాతిపగడాలకు 200 మొదలు 350 దాకా కావాలి. ఈ అంకె పగడం కూర్చున్న చోట ఉండాలి, దీపం దగ్గర కాదు. తొట్టె నడిమికీ మూలకూ సగానికి సగం తేడా రావచ్చు. పార్ మీటరు ఖరీదైనది. తెలిసినవారి దగ్గర ఒక పూట అరువు తెచ్చుకుంటే చాలు.

కోలారు సీమకు కరెంటు కొత్త కాదు. 1902లోనే శివసముద్రం జలపాతం నుండి సుమారు 147 కిలోమీటర్ల దూరం తీగలు లాగి బంగారు గనులకు విద్యుత్తు తెచ్చారు. బెంగుళూరు వీధిదీపాలు ఆ తర్వాత, 1905లో వెలిగాయి. అయితే మనకు ఇప్పుడు కావలసింది బిల్లు లెక్క. 250 వాట్ల మెటల్ హేలైడు దీపం రోజుకు పది గంటలు వెలిగితే నెలకు 75 యూనిట్లు. పైగా నీళ్లు కాగిపోతాయి. పగడాలకు 24 నుండి 27 డిగ్రీలు హాయి. 30 దాటి కొన్నాళ్లుంటే పాచిని బయటికి నెట్టి తెల్లబడతాయి. 2016లో మన్నారు అఖాతంలో సముద్రం వేడెక్కి జరిగినదీ అదే. కనుక మెటల్ హేలైడు వద్దు. వెలుతురు తగ్గించి హెచ్చించే వీలున్న 100 వాట్ల ఎల్.ఇ.డి. అయితే నెలకు 30 యూనిట్లతో పోతుంది. తొట్టి ఇంట్లో నడిమి ఎండ ఊరికే వస్తున్నది గదా అని తొట్టెను అక్కడ పెట్టకండి. వేడీ ఆగదు, పచ్చపాచీ ఆగదు.

కరెంటు పోతేనో? దీపం నాలుగు గంటలు ఆరినా పగడానికి ఏమీ కాదు. సముద్రంలో మబ్బులు పట్టవా? నీళ్లు కదిపే పంపు ఆగితే మాత్రం ప్రాణవాయువు తగ్గి చేపలు ముందు పోతాయి. ఇన్వర్టరు తీగ పంపుకే ఇవ్వండి. తడిచేతుల ఇల్లు కనుక లీకేజి బ్రేకరు తప్పక పెట్టించండి.

ఇంకొక సంగతి దుకాణదారు చెప్పడు. మన సముద్రాల రాతిపగడాలన్నిటినీ, సముద్రపు విసనకర్రలతో సహా, 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. రామేశ్వరం వైపు నుండి ఎవరో తెచ్చిచ్చారని పుచ్చుకుంటే నేరం. విదేశాల నుండి వచ్చినవైనా దిగుమతి కాగితాలు లేకుండా కొనవద్దు. కాబట్టి మాస్తి అబ్బాయికి నా సలహా: కొమ్మపగడాల జోలికి పోకుండా, కాగితాలున్న మెత్తని జాతులు రెండుమూడు, హేచరీలో పుట్టిన జోకరు చేపల జంట. మండపంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు ఆ చేపలను తొట్లలోనే పుట్టించే పద్ధతి సాధించారు. వీటికి పైన చెప్పిన 100 వాట్లు ధారాళం. తొట్టెకు పట్టే 180 లీటర్ల నీటికి ఆరుకిలోల పైచిలుకు సముద్రపు ఉప్పు కావాలి, మన బోరు నీరు ఆర్.ఓ.లో వడకట్టకుండా పనికిరాదు. ఆ ఖర్చు కూడా ముందే లెక్క వేసుకోండి.

దీపాన్ని నీటికి జానెడు పైన కట్టి, మొదట మూడోవంతు వెలుతురుతో మొదలుపెట్టి, మూడు వారాల్లో మెల్లగా పెంచండి. రోజుకు తొమ్మిది గంటలు, టైమరు మీద. పగడం గోధుమరంగుకు తిరిగి మెడ సాచినట్లు పైకి లేస్తుంటే వెలుతురు చాలడం లేదు. పాలిపోతుంటే ఎక్కువైంది, వెంటనే తగ్గించండి. ఉప్పునీరు చిమ్మి దీపపు అద్దం మీద తెల్లని పొర కడుతుంది. వారానికొకసారి స్విచ్చి ఆపి, ప్లగ్గు ఊడదీసి, తడిగుడ్డతో తుడవాలి.