తెల్లబట్టకి ఒక బిళ్ళ - అంతేనా?

మా సంఘం ఆరోగ్య సమావేశం అయిపోయాక ఒకామె వెళ్ళకుండా గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. అందరూ వెళ్ళాక కొంగుముడి విప్పి నాలుగు ఖాళీ స్ట్రిప్పులు చూపించింది. ఏడాదిలో నాలుగుసార్లు అదే మందు. మెడికల్ షాపులో నలుగురు మగవాళ్ళ మధ్య నోరు పెగలక "ఆడవాళ్ళ ప్రాబ్లమ్" అని మాత్రం అందట. ఆ మాటకే మూడు రకాల బిళ్ళలున్న కిట్ చేతిలో పెట్టారు. దురద తగ్గడం, మళ్ళీ రావడం. ఇంట్లో అత్త అనుమానపు చూపులు, మొగుడి సూటిపోటి మాటలు. చివరికి రక్తపరీక్ష చేయిస్తే షుగరు బయటపడింది. మందు ఇచ్చిన నాలుగుసార్లలో ఒక్కసారైనా "ఇంతకుముందు ఎన్నిసార్లు వచ్చిందమ్మా?" అని ఎవరైనా అడిగి ఉంటే ఆమెకు ఏడాది బాధ తప్పేది కాదా?

ఇది ఒక్కామె కథ కాదు. 1989లో డాక్టర్ రాణీ బంగ్, ఆమె సహచరులు గడ్చిరోలి జిల్లాలోని రెండు గ్రామాల్లో 650 మంది స్త్రీలను పరీక్షించిన ఫలితాలు ప్రకటించారు. వారిలో 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధమైన వ్యాధి ఉంది. అంతకుముందు పరీక్ష చేయించుకున్నవారు 8 శాతమే. మన ఉమ్మడి ఆదిలాబాదుకు పొరుగునే ఉన్న జిల్లా అది. బాధ లేక కాదు, అడిగేవాళ్ళు లేక మన ఆడవాళ్ళు ఊరుకున్నారని ఆ లెక్క చెప్పింది. ఇప్పుడు మందు వీధి చివరే దొరుకుతుంది. కానీ అడిగేవాళ్ళు ఇప్పటికీ లేరు!

ముందు విషయం తెలుసుకుందాం. తెల్లబట్ట అయిందంటే ఈస్ట్ ఇన్ఫెక్షనే అనుకోవడం పొరపాటు. నెలసరి మధ్యలో వాసన, దురద లేకుండా కొద్దిగా తెల్లబట్ట కావడం జబ్బే కాదు. పెరుగు విరిగినట్టు గడ్డలుగా కావడం, విపరీతమైన దురద, మంట - ఇవి సాధారణంగా ఈస్ట్ లక్షణాలు. చేపల వాసన వస్తే, పసుపుపచ్చగా నురగలాగా అవుతుంటే కారణం వేరు, మందూ వేరు. ఈస్ట్ చాలామంది ఒంట్లో మామూలుగానే ఉంటుంది. గర్భం, షుగరు, యాంటిబయాటిక్ మందులు దానికి అదను ఇస్తాయి. అంతే తప్ప అది ఎవరి నడవడికకూ సర్టిఫికెట్ కాదు. ఈ ఒక్క ముక్క చెప్పకపోవడం వల్ల ఎన్ని ఇళ్ళలో ఎంతమంది దెబ్బలు తింటున్నారో మనకు తెలుసు.

ఇక మందు సంగతి. ఫ్లుకొనజోల్ 150 మిల్లీగ్రాముల బిళ్ళ ఒక్కటి చాలామందికి సరిపోతుంది. మంచి మందే. మన గొడవ మందుతో కాదు, దాన్ని ఇచ్చే తీరుతో. గర్భిణులు ఈ బిళ్ళ మింగకూడదు. డెన్మార్క్‌లో సుమారు 14 లక్షల గర్భాల రికార్డులు పరిశీలించి, ఈ బిళ్ళ వాడినవారిలో గర్భస్రావాలు ఎక్కువగా కనిపించాయని 2016లో ప్రకటించారు. గర్భిణులకు యోనిలో పెట్టుకునే క్లోట్రిమజోల్ మందు డాక్టరు సలహాతో ఏడు రోజులు వాడిస్తారు. రక్తం పల్చబడేందుకు వాడే వార్ఫరిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కొన్ని రకాల షుగరు బిళ్ళలు వాడేవారికి, కాలేయ జబ్బు ఉన్నవారికి ఫ్లుకొనజోల్ ప్రమాదం తేవచ్చు. యోనిలో వాడే కొన్ని క్రీములు కండోమ్ రబ్బరును బలహీనపరుస్తాయి. ఇవన్నీ తెలిసినవాళ్ళకు తెలుసు. మింగేవాళ్ళకే తెలియదు!

ఆ కిట్ల సంగతి ఇంకా విచిత్రం. షాపుల్లో అమ్మేవాటిలో ఫ్లుకొనజోల్‌తో పాటు అజిత్రోమైసిన్, సెక్నిడజోల్ కూడా ఉంటాయి. రోగం ఏదో చూడకుండా మూడింటికీ కలిపి ఒకే దెబ్బ. యాంటిబయాటిక్ అక్కర్లేనివాళ్ళు దాన్ని మింగితే ఒంటికి మేలుచేసే బాక్టీరియా దెబ్బతిని మళ్ళీ ఈస్ట్ పెరగవచ్చు. ఒక బిళ్ళ ఆర్పిన మంటను పక్క బిళ్ళ రాజేస్తుందన్నమాట. దీన్ని వైద్యం అందామా, వ్యాపారం అందామా?

సర్కారు దవాఖానాల్లో మాత్రం? తెల్లబట్టకిచ్చే ఆకుపచ్చ కిట్‌లో సెక్నిడజోల్, ఫ్లుకొనజోల్ ఉంటాయి. పరీక్ష చేసి ఇవ్వాలనీ, గర్భిణులకు ఫ్లుకొనజోల్ ఇవ్వరాదనీ జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ మార్గదర్శకాల్లోనే రాసి ఉంది. రాసిన మాట తెర చాటున్న పరీక్షబల్ల దాకా, ఆడడాక్టరు దాకా వచ్చిందా? చాలాచోట్ల ఆ తెరే లేదు.

"అందరికీ డాక్టరు ఎక్కడ దొరుకుతుంది? షాపులోనైనా దొరకడం మేలే కదా" అంటారు. ఆ మాటలో నిజముంది. కూలి పోగొట్టుకుని పట్నం వెళ్ళలేని మనిషికి వీధి చివర షాపే దిక్కు. అందుకే మందుకు తాళం వెయ్యమని మనం అడగడం లేదు. మందుతో పాటు మాట కూడా ఇవ్వమంటున్నాం. రెండు నిమిషాల మాట! "గర్భంతో ఉన్నారా? వేరే మందులేమైనా వాడుతున్నారా? ఇది ఎన్నోసారి? వాసన, జ్వరం, పొత్తికడుపులో నొప్పి ఉన్నాయా?" ఈ నాలుగు ప్రశ్నలు అడగడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఆడదాని ఒళ్ళు ఆడదానిదే అన్న గౌరవం ఉంటే చాలు.

మనల్ని మనమూ అడుగుదాం. మన సంస్థలు పెట్టే క్యాంపుల్లో ఎన్ని కిట్లు పంచామో రిపోర్టులో రాస్తున్నాం. ఎంతమందిని ఈ ప్రశ్నలు అడిగామో రాస్తున్నామా?

ప్రపంచమంతటికీ మందులు చేసి పంపే హైదరాబాదులో, మనం మింగే బిళ్ళ గురించి రెండు తెలుగు ముక్కలు లేకపోవడం మనకు అవమానం. ఈ మందుతో పాటు తెలుగులో చీటీ ఇవ్వాలి. చదవలేనివారికి నోటితో చెప్పాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చాటుగా పరీక్ష చేసే ఏర్పాటు ఉండాలి. ఏడాదిలో మూడుసార్లు తిరగబెడితే మరో బిళ్ళ కాదు, షుగరు పరీక్ష చెయ్యాలి. హెచ్.ఐ.వి. పరీక్ష ఆమె ఒప్పుకుంటేనే, రహస్యం కాపాడుతూ చెయ్యాలి.

ఇవి దయతో ఇచ్చేవి కావు, మన హక్కులు. ఈసారి షాపు ముందు నిలబడినప్పుడు గొంతు తగ్గించకండి. "ఇదేం మందు? నాకు పనికొస్తుందా?" అని అడగండి. సిగ్గుపడాల్సింది అడిగే మనం కాదు, చెప్పకుండా అమ్మేవాళ్ళు!