ముందు నీళ్లు చూడండి, తర్వాతే ఫిల్టరు

సింకు కింద ఆర్వో పెట్టించుకోకపోతే పిల్లల ఆరోగ్యం పాడైపోతుందని అమ్మేవాళ్లు భయపెట్టడం అన్యాయం. ఫ్లోరైడ్ ఉన్న నల్గొండ బోరు నీళ్లకైతే ఆర్వో కావాలి, కాదనను. హైదరాబాదులో కృష్ణా, మంజీరా నీళ్లొచ్చే ఇంటికి ఎందుకు? నీళ్లలో కరిగిన లవణాల మొత్తం (టీడీఎస్) లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే ఆర్వో వాడకాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే ఆదేశించింది. అలాంటి నీటికి కార్బన్ ఫిల్టరు, యూవీ చాలు. అపార్ట్‌మెంట్లలో సంపులో బోరు నీళ్లు కలుస్తాయి కాబట్టి వంటింటి కుళాయి నీళ్లనే పరీక్షకు పంపండి. టీడీఎస్ మీటరు ఒక్కటే చాలదు, అది ఫ్లోరైడునీ క్రిములనీ విడిగా చూపదు. ఆర్వో తప్పనిసరైతే, అది వదిలేసే వృథా నీళ్లు పోవడానికి డ్రైనేజీ పైపుకి చిల్లు పెట్టి దూర్చే సన్నటి తెల్ల గొట్టాన్ని బకెట్లోకి వదలమనండి. ఇల్లు తుడవడానికి ఆ నీళ్లు చక్కగా పనికొస్తాయి.