మీ ఊరి బండ ఏ బొమ్మ?

జనగామ, మానుకోట, భూపాలపల్లి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! బొమ్మ గీయమంటే రెండు కొండలు, నడుమ సూర్యుడు, ఒక గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు గీస్తారెందుకు? మీ చుట్టూ ఉన్నవి తాటిచెట్లు కదా! మానుకోట పేరులోనే మాను ఉంది. దాన్ని గీయండి.

రేగొండ దగ్గరి పాండవుల గుట్టలకు వెళ్లండి. అక్కడ మేకల బండ ఉంది, ముంగిస బండ ఉంది, తుపాకి గుండు ఉంది. రాయిలో మేకను చూసింది మన ఊళ్ల జనమే. వాళ్లకంటే ఎంతో ముందు ఆదిమానవుడు అదే గుట్టల రాతి గోడల మీద దున్నను, జింకను, పులిని గీసి పోయాడు. ఆ రంగులను తాకకండి, పక్కన మీ పేర్లు చెక్కకండి. కళ్లతోనే తెచ్చుకోండి.

అక్కడి నుంచి గణపురం కోటగుళ్లకు రండి. కాకతీయుల నాటి శిల్పి చేసిన గజకేసరి ముందు నిలబడండి. సగం మనిషి, సగం సింహం, ఏనుగు మీద స్వారీ! ఇంకోదానికి గుర్రం తల, సింహం మొండెం. అలాంటి జంతువు ఏ అడవిలోనూ లేదు. ఆ శిల్పి ఉలి పట్టుకుని కలగన్నాడు. పారిస్‌లో ఆంద్రే బ్రెతాన్ అనే కవి, కలలను కళగా మార్చమనే అధివాస్తవికతా ప్రకటన రాసింది 1924లో. మన రాయి అప్పటికే ఏడు వందల ఏళ్లది!

ఆ దారిలోనే 1925లో మాక్స్ ఎర్నెస్ట్ అనే చిత్రకారుడు చెక్క నేల మీద కాగితం పరిచి పెన్సిలుతో రుద్దాడు. ఆ చారల్లోంచి ఆయనకు అడవులు, పక్షులు లేచి వచ్చాయి. మీకు నల్లమద్ది చెట్టు చాలు. దాని బెరడు మీద కాగితం అదిమి, పెన్సిలును పడుకోబెట్టి మెల్లగా రుద్దండి. గళ్లు గళ్లుగా మొసలి వీపు తేలుతుంది. దానికి కాళ్లు మీరు పెట్టండి, కావాలంటే నెమలి కాళ్లే పెట్టండి! వీపు మీద చెరువును మోయించండి. ఎవరో నవ్వుతారని తుడిపేయకండి.

గీసినదాన్ని పెంబర్తికి పట్టుకెళ్లి చూపించండి. ఇత్తడి రేకు మీద సుత్తి దెబ్బలతో హంసలను, లతలను ఉబ్బెత్తుగా లేపే చేతులు అక్కడున్నాయి. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పనితనానికి మీ వయసు కలలు కావాలి. నా మనసులో ఉన్న పెద్ద ఆశ అదే.

వాన వెలిసిన పొద్దున మాత్రం చెట్టు దగ్గరికి వెళ్లకండి. బెరడు తడిగా ఉంటే కాగితం చిరుగుతుంది. బాగా ఎండ కాసిన రోజు చూసుకుని, నాలుగు కాగితాలు ఎక్కువే పట్టుకుని బయల్దేరండి.